బోధన్ చెరుకు పిప్పికీ, ఎయిర్‌ఫోర్స్ మట్టికీ సంబంధం ఏంటి?

ఇవాళ్టి ముచ్చట కాస్త వింతగా ఉంటుంది. ఒకవైపు మన బోధన్ చెరుకు, ఇంకోవైపు అమెరికా వాయుసేన స్థావరం, మధ్యలో కిరోసిన్ వాసన కొట్టే మట్టి. ఈ మూడూ ఎక్కడ కలుస్తాయో చూద్దాం.

ముందు మన దగ్గరి సంగతి. మంజీర మీద నిజాంసాగర్ పని 1923లో మొదలై 1931కి పూర్తయింది. కాలువ నీళ్లు బోధన్ వైపు పారాయి, చెరుకు తోటలు పెరిగాయి. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టారు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని దానికి పేరు.

చెరుకు ఆడి చక్కెర తీశాక ముఖ్యంగా రెండు మిగుల్తాయి. ఒకటి పిప్పి, రెండోది మొలాసిస్. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోల్‌కు కటకట వచ్చినప్పుడు, మొలాసిస్ నుంచి పవర్ ఆల్కహాల్ తీసి పెట్రోల్‌లో కలపాలనే ఆలోచన ఊపందుకుంది. 1948లో దానికోసం ఇండియన్ పవర్ ఆల్కహాల్ చట్టమే వచ్చింది. ఇవాళ మీరు బండిలో కొట్టిస్తున్న ఈ20 పెట్రోల్ కొత్త ఐడియా ఏం కాదన్నమాట! అంటే చెరుకు చెత్త ఇంధనం అయింది. ఇప్పుడు దీన్ని తిరగేద్దాం. ఇంధనమే మట్టిలో పడి చెత్త అయితే?

మిలిటరీ ఎయిర్‌ఫీల్డ్ అంటే రన్‌వే ఒక్కటే కాదు. భూమి కింద ట్యాంకులు, పైపులు, పైన ట్యాంకర్లు ఉంటాయి. ఎక్కడో ఒక జాయింట్ కారుతుంది. పైకి ఏమీ కనిపించదు. తేలికైన భాగం ఆవిరైపోతుంది, మిగతాది మట్టి రేణువుల మధ్య పట్టుకుంటుంది. ఎక్కువైతే కిందికి దిగి భూగర్భ నీటి మీద తేలుతుంది.

1985 జనవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, హిల్ వాయుసేన స్థావరంలో ఇదే జరిగింది. ట్యాంకు నిండితే ఆగాల్సిన ఆటోమేటిక్ పరికరం పనిచెయ్యలేదు. సుమారు లక్ష లీటర్ల జేపీ-4 విమాన ఇంధనం నేల పాలైంది. ఇంజనీర్లు గొట్టాలు దింపి ఆవిరిని పంపులతో లాగడం మొదలుపెట్టారు. బయటికొచ్చే గాలిని కొలిస్తే ఆక్సిజన్ తగ్గి ఉంది, కార్బన్ డయాక్సైడ్ పెరిగి ఉంది. లోపల ఎవరో ఊపిరి తీస్తున్నట్టు! నిజంగానే తీస్తున్నాయి. మట్టిలోని బ్యాక్టీరియా ఆ ఇంధనాన్ని తింటోంది. దానికి కావాల్సింది గాలి, కాస్త తడి. అందుకే గాలి వేగం తగ్గించి, బ్యాక్టీరియాకి సరిపడా అందేలా చేశారు. దీన్నే బయోవెంటింగ్ అంటారు. 1990లలో అమెరికా వాయుసేన వందకు పైగా చోట్ల దీన్ని ప్రయత్నించింది.

అయితే గాలి ఆడేది ఇసుక, గులక నేలల్లో. మన బోధన్ చుట్టూ ఉన్న నల్లరేగడిలో అంత సులువు కాదు. వానొస్తే ముద్దవుతుంది, ఎండితే బీటలిస్తుంది. అలాంటి మట్టిని తవ్వి, కిందికి ఇంకకుండా షీటు మీద పరిచి, గుల్లగా చేసే పదార్థం కలిపి, నత్రజని, భాస్వరం వేసి, తడిపి తిరగెయ్యాలి. మన రైతు పెంటకుప్ప తిరగేసినట్టే! ఆ గుల్లచేసే పదార్థంగా చెరుకు పిప్పిని వాడి, డీజిల్ పడ్డ మట్టి మీద మెక్సికోలో పరిశోధన చేశారు. మన దేశంలో టెరి సంస్థ తయారుచేసిన ఆయిల్‌జాపర్‌లో బ్యాక్టీరియాను మొక్కజొన్న బెండు పొడిలో కలిపి ఇస్తారు. పిప్పి, మక్క బెండు రెండూ మన జిల్లాకు కొత్తవా చెప్పండి?

కానీ అన్నీ బ్యాక్టీరియా మీద వదిలేస్తే కుదరదు. మంటలార్పే కొన్ని నురుగుల్లోని రసాయనాలను అది తినలేదు. ఇంకా పెద్ద సమస్య, లీకు సంగతే తెలియకపోవడం. హిల్‌లో ఇంధనం ఎప్పుడు పోయిందో తెలుసు, కాబట్టి తొందరగా దారి దొరికింది. న్యూ మెక్సికోలోని కిర్ట్‌లాండ్ స్థావరంలో మాత్రం భూమి కింది పైపు దశాబ్దాలుగా కారుతోందని 1999లో గానీ బయటపడలేదు. 2007కి చూస్తే సుమారు 500 అడుగుల లోతున నీటి మీద ఇంధనం తేలుతోంది. పక్కనే ఆల్బకర్కీ నగరం. వాళ్ల తాగునీటి బోర్లకు గండం వచ్చిందని ఏళ్ల తరబడి శుద్ధి చేయాల్సి వచ్చింది.

మనకెందుకు ఇదంతా అంటారా? జక్రాన్‌పల్లిలో విమానాశ్రయం ప్రతిపాదన ఉంది. ఆదిలాబాద్‌లో నిజాం కాలం నాటి ఎయిర్‌ఫీల్డ్‌లో పౌర విమానాలకు 2025లో వాయుసేన ఒప్పుకుంది. రానివ్వండి, మంచిదే. ఉద్యోగాలొస్తాయి, హైదరాబాద్ దాకా పోయే పని తప్పుతుంది. నేను అడిగేది ఒక్కటే. మొదటి ట్యాంకర్ రాకముందే అక్కడి మట్టిని, చుట్టుపక్కల బావుల నీళ్లను పరీక్ష చేసి, ఆ రిపోర్టు ఊరి పంచాయతీ గోడ మీద అంటించాలి. రేపు బోరు నీళ్లు వాసనొస్తే, "ఇది ముందు నుంచీ ఉన్నదే" అని ఎవరూ తప్పించుకోలేరు.

2015 డిసెంబర్‌లో లేఆఫ్ పెట్టి మూసేసిన శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ నేలకూ ఇదే మాట. మళ్లీ తెరిచినా, ఇంకేదైనా కట్టినా, ముందు కింద మట్టిలో ఏముందో చూడాలి. రాజుల చరిత్ర శాసనాల్లో దొరుకుతుంది. మట్టి చరిత్ర మాత్రం మనం పరీక్ష చేయించి రాసిపెట్టుకుంటేనే ఉంటుంది.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.