కరువులో, వ్యాధిలో కుటుంబ పరిచర్య: ఒంగోలు, గుంటూరు మిషనుల చరిత్ర నుండి

ఉపోద్ఘాతము

గుంటూరు, ప్రకాశం ప్రాంతములోని నల్లరేగడి పల్లెలలో సేవ చేస్తున్న కాపరులకు ఈ దృశ్యము క్రొత్తది కాదు. ప్రత్తి దిగుబడి పోయింది. మిరపకు ధర లేదు. కౌలు బాకీ నెత్తిమీద ఉంది. ఇంతలో ఇంటి పెద్ద మంచము పట్టాడు. ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత అతని భార్య గుడి బయట నిలుచుండి, "అయ్యగారూ, ఒక్కసారి మా ఇంటికి వచ్చి ప్రార్థన చేయండి" అని అడుగుతుంది. ఆ ఇంటికి వెళ్ళే కాపరి ఏమి తీసుకొని వెళ్ళాలి? ప్రతిఫలముగా ఏమి ఆశించకూడదు? మన పూర్వికుల సంఘ చరిత్రలో ఈ ప్రశ్నలు తీవ్రముగా ఎదురైన సందర్భములు ఉన్నాయి. వాటిలో రెండింటిని ఈ వ్యాసములో పరిశీలించదలచాము.

కాలువ పనిలో కుటుంబములు

1876లో వర్షములు లేక మద్రాసు రాజధాని అంతటా మహాకరువు వ్యాపించింది. ఒంగోలు ఆనాడు నెల్లూరు జిల్లాలో ఉండేది. ప్రభుత్వము కరువు పనులు ప్రారంభించింది గాని, 1877 ఆరంభములో సర్ రిచర్డ్ టెంపుల్ సలహాపై కూలిని బాగా తగ్గించింది. రోజంతా పని చేసిన మగవానికి ఒక పౌను ధాన్యము, ఒక అణా మాత్రమే దక్కేవి. స్త్రీలకు, పిల్లలకు అంతకంటె తక్కువ. ఈ కూలితో మనిషి బ్రతకలేడని మద్రాసు ప్రభుత్వ ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ వాదించిన తరువాతనే దానిని కొంత పెంచారు. ఆకలితో క్షీణించిన శరీరముల మీద కలరా, మశూచి విరుచుకుపడ్డాయి.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866 నుండి ఒంగోలులో ఉన్నారు. యువకునిగా ఉన్నప్పుడు అమెరికాలో భూముల సర్వే పని చేసిన అనుభవము ఆయనకు ఉంది. ఆ అనుభవముతో ఆయన బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ళకు పైబడిన భాగము త్రవ్వకమును కాంట్రాక్టుకు తీసుకున్నారు. తన బోధకులనే మేస్త్రీలుగా నియమించారు. పురుషులు త్రవ్వుతుంటే స్త్రీలు, పిల్లలు తట్టలతో మట్టి మోశారు. ఈ విధముగా సహాయము ఒక్క మనిషికి గాక ఇంటిల్లిపాదికీ అందింది. పైగా అది భిక్షగా గాక కష్టార్జితముగా అందింది. రూతుకు బోయజు తన పొలములో పరిగె ఏరుకొనే వీలు కల్పించిన సంగతి ఇక్కడ జ్ఞాపకమునకు వస్తుంది. ఆమె తన చేతులతో ఏరుకున్నది అత్త నయోమి ఆకలిని కూడ తీర్చింది.

బాప్తిస్మము లేని పదిహేను నెలలు

మేస్త్రీలే బోధకులు గనుక విశ్రాంతి వేళల్లో సువార్త వినబడింది. అనేకులు బాప్తిస్మము అడిగారు. అయినను క్లౌ కరువు సహాయము సాగినంత కాలము, దాదాపు పదిహేను నెలలు, ఎవరికిని బాప్తిస్మము ఇవ్వలేదు. సహాయము ముగింపునకు వచ్చిన తరువాత 1878 వేసవిలో సమూహములు మరల వచ్చాయి. ఒంగోలులో మశూచి ఉన్నందున గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లిలో కూడుకున్నారు. ఆ సంవత్సరము జూలై 3న ఆరుగురు తెలుగు బోధకులు 2,222 మందికి బాప్తిస్మము ఇచ్చారు.

ఈ సంఖ్యను మన సంఘములలో గర్వముగా చెప్పుకుంటాము. ఆ పదిహేను నెలలను గురించి చెప్పుకొనేది తక్కువ. అన్నము కొరకు మతము పుచ్చుకున్నారన్న నింద ఆ నిరీక్షణ వలన సమసిపోలేదు. చరిత్రకారులు నేటికీ దానిని చర్చిస్తూనే ఉన్నారు. పైగా మనకున్న ప్రధాన ఆధారము క్లౌ చెప్పగా ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ వ్రాసి 1914లో ప్రచురించిన గ్రంథము. అది మిషనరీ దృష్టితో వ్రాసినదని మరువరాదు. కాలువ త్రవ్విన మాదిగ కుటుంబముల స్వరము అందులో నేరుగా వినబడదు. అయితే ఈ ఉద్యమము కరువుతో పుట్టలేదనుటకు ఒక సాక్ష్యము ఉంది. యెర్రగుంట్ల పేరయ్య కరువుకు పదేండ్లు ముందే విశ్వసించి తన వారి మధ్య సువార్త ప్రకటించాడు.

మరి ఆ నిరీక్షణ వలన ప్రయోజనమేమి? విమర్శకుల నోరు మూయించుటలో దాని విలువ లేదని మా అభిప్రాయము. ఆకలితో ఉన్నవాడు "కాదు" అని చెప్పగల స్థితిలో ఉండడు. కూలి చేతికి ఇచ్చేవాడే బాప్తిస్మమునకు పిలిస్తే అతడు స్వేచ్ఛగా జవాబు చెప్పలేడు. ఆ పదిహేను నెలలు పేదవాని స్వేచ్ఛకు కంచెగా నిలిచాయి.

గుంటూరు ఆసుపత్రి, ఎదుటి సత్రము

కరువు ఊరంతటినీ కూల్చుతుంది. వ్యాధి ఒక్కొక్క ఇంటిని విడిగా కూల్చుతుంది. ఈ రెండవ కష్టములో సంఘము చేసిన సేవను చూచుటకు గుంటూరు వెళ్ళాలి. 1842లో ఫాదర్ హయ్యర్ స్థాపించిన లూథరన్ మిషనుకు 1883లో డాక్టరు అన్నా సారా కుగ్లర్ వచ్చారు. ఆమె పెన్సిల్వేనియాలో వైద్య పట్టా పొందినప్పటికీ, స్త్రీల మధ్య బోధనా సేవకే మొదట పంపబడ్డారు. కాని పురుష వైద్యుని ఎదుటికి రాలేని స్త్రీలు ఆమె కొరకు కబురు పంపుతుంటే ఆమె కాదనలేకపోయారు. ఇండ్లలో మొదలైన ఆ సేవ 1897 నాటికి స్త్రీల, పిల్లల ఆసుపత్రిగా రూపొందింది. 1930లో గుంటూరులోనే ఆమె మరణించారు. ఆసుపత్రికి కుగ్లర్ పేరు నిలిచింది.

రోగి ఒంటరిగా ఆసుపత్రికి రాదు. తల్లి, అత్త, చంటిబిడ్డ వెంట వస్తారు. వారెక్కడ పండుకొంటారు? ఆనాటి కుల ఆచారముల మధ్య వారెక్కడ వండుకొంటారు? ఈ అవసరమునకు ఒక హిందూ జమీందారు స్పందించారు. తన కుటుంబమునకు కుగ్లర్ చేసిన వైద్యమునకు కృతజ్ఞతగా ఏలూరు రాజా భుజంగరావు బహదూరు, రోగుల బంధువుల కొరకు ఆసుపత్రి ఎదుట సత్రము కట్టించారు. మంచి సమరయుని ఉపమానములో గాయములు కట్టుటతో కథ ముగియలేదు. పూటకూళ్ల ఇంటి ఖర్చు కూడ లెక్కలోనికి వచ్చింది. ఆ సమరయుడు గాయపడినవానిని నీ విశ్వాసమేమని ప్రశ్నించలేదు.

నేటి పరిచర్యకు

1987-88లో తెల్లదోమ ప్రత్తిని నాశనము చేసినప్పుడు ఈ రెండు జిల్లాలలో రైతులు ఆత్మహత్య చేసుకున్నారు. ఆ ఇండ్లలో అప్పు, అవమానము, అనారోగ్యము ఒకదానిని ఒకటి పెంచుకుంటూ వచ్చాయి. అటువంటి ఇంటికి వెళ్ళే కాపరికి పై చరిత్ర మూడు సంగతులు నేర్పుతుంది.

మొదటిది, రోగిని మాత్రమే గాక ఇంటిని చూడాలి. ఆసుపత్రిలో తోడుగా ఎవరున్నారు, ఇంటిలో పొయ్యి వెలిగిందా, పిల్లలు బడి మానుకున్నారా అని అడగాలి. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన తరువాత పెద్ద ఆపరేషనుల ఖర్చులో పేదలకు కొంత ఊరట కలిగింది. కాని దారి ఖర్చు, పోయిన కూలి, తోడు ఉన్నవారి భోజనము ఏ పథకములోనికీ పూర్తిగా రావు. అక్కడే చిన్న సంఘము చేయగలిగినది ఎంతో ఉంది.

రెండవది, సాధ్యమైన చోట చేతికి పని చూపాలి. సంఘములో ఒకరికి మిరపకాయలు కోయించే పని ఉంటే ఆ కూలి ముందు ఆ ఇంటికే వెళ్ళవచ్చు. మంచముమీద ఉన్నవానికి మాత్రము అడగకుండానే ఇవ్వాలి.

మూడవది, సహాయమునకు సాక్ష్యమును వెలగా అడుగరాదు. సహాయము పొందిన కుటుంబమును మరుసటి ఆదివారమే వేదిక ఎక్కించి మాట్లాడించుట, బియ్యపు సంచితో ఫోటో తీయించుట మన మధ్య అలవాటైనవి. ఇది చెప్పుటకు మాకు కష్టముగా ఉన్నది, ఎందుకనగా మేమును ఆ ఫోటోలలో నవ్వుతూ నిలుచున్నవారమే. ఆనాడు పదిహేను నెలలు ఓర్చుకున్నారు. మనము ఒక్క వారము ఓర్చుకోలేకపోతున్నాము.

గుడి బయట నిలుచున్న ఆ తల్లి ప్రార్థన కొరకు పిలిచింది. కాపరి వెళ్ళి తప్పక ప్రార్థించాలి. సంఘ పెద్దలు పంపినది ఏమైనా ఉంటే ఆమె చేతికి నిశ్శబ్దముగా ఇచ్చి, ఆసుపత్రికి ఎవరు తోడు వెళ్తారో అడిగి రావాలి. ఆమె దేవునికి ఏమి చెప్పుకొంటుందో ఆమెకే వదిలివేయాలి.