పాత పుస్తకాల పుటలపై పూత: తుడిచేముందు చూడండి

హొసకోటె చుట్టుపక్కల తరాలుగా ఉంటున్న మన తెలుగు ఇళ్ళలో పాత పెట్టె తెరిస్తే తాటాకు కట్టలు, అచ్చు పుస్తకాలతోపాటు ఒక్కోసారి నల్లటి మడతల పొత్తం కూడా బయటపడుతుంది. మసి పట్టిందనుకుని తడిగుడ్డ అందుకోవద్దని మా మనవి. ఆ నలుపే దాని పుట.

మనం దాన్ని కడితం అంటాం, కన్నడంలో కడత. ఇక్కడి ప్రభుత్వ ఆఫీసుల్లో ఫైలుకు ఇప్పటికీ అదే మాట. చింతగింజల జిగురులో బొగ్గుపొడి కలిపి నూలుగుడ్డకు రెండువైపులా పూసి, ఆరాక మడతలు పెట్టి, తెల్ల బలపంతో రాసేవారు. మైసూరులో రెసిడెంటుగా పనిచేసిన మార్క్ విల్క్స్ 1810లో అచ్చయిన తన చరిత్ర గ్రంథంలో వీటిని వర్ణించాడు: వెడల్పు 8 అంగుళాల నుంచి అడుగు, పొడవు 12 నుంచి 18 అడుగులు. పలక మీద రాతలాగే చెరిపి మళ్ళీ రాసుకోవచ్చు కాబట్టి వ్యాపారుల పద్దులకు బాగా పనికొచ్చాయి. శృంగేరి మఠం రికార్డుల్లోనూ కడతలున్నాయి. చెరపడం అంత సులువు కనుకనే, ఒక్కసారి తుడిస్తే తాతల నాటి భూమి లెక్క, బాకీ లెక్క పోయినట్టే.

గుర్తుపట్టడం కష్టం కాదు. మడత అరిగినచోట నూలు పోగులు కనిపిస్తాయి. గది చీకటి చేసి టార్చి పక్కవాటుగా వేస్తే మాసిన బలపం గీతలూ తేలతాయి. ముందు ఫోటోలు తీసుకోండి.

తాటాకులో నలుపు వేరు. గంటంతో గీసిన అక్షరాల్లోకి దిగిన మసి అది. పైమెరుపు నిమ్మగడ్డి నూనెలాంటిది కావచ్చు. పాత చేతిరాత కాగితాల మీద తప్పులు కప్పిన పసుపు పూత కనిపిస్తే జాగ్రత్త, అది హరిదళం కావచ్చు. అందులో ఆర్సెనిక్ ఉంటుంది. వేలు నాలుకకు అద్ది పుట తిప్పే అలవాటు అక్కడ పనికిరాదు. పల్చటి ప్లాస్టిక్ పొర, వెనిగర్ వాసన ఉంటే అది గత శతాబ్దంలో వేసిన అసిటేట్ లామినేషన్. నున్నటి బొమ్మల కాగితానికి తెల్లమట్టి పూత ఉంటుంది, తడిస్తే పుటలు అతుక్కుపోతాయి.

టించర్ అయోడిన్ తగిలితే గంజి నీలమవుతుందన్నది నిజమే. కానీ ఆ మరక పోదు, నల్ల పూత మీద రంగు తెలియనే తెలియదు. ఇంట్లో ఆ ప్రయోగం వద్దు. పొత్తాన్ని ఉతికిన నూలుగుడ్డలో చుట్టి, బెంగళూరులోని ఇంటాక్ పరిరక్షణ కేంద్రంలోనో, మైసూరు ప్రాచ్య విద్యా సంశోధనాలయంలోనో చూపించండి.