యాంగ్‌జోంగ్

చైనాలోని జియాంగ్సు రాష్ట్రంలో, యాంగ్జీ నది దిగువ ప్రవాహం నడుమ లంకల మీద వెలసిన చిన్న నగరం. పరిపాలనాపరంగా జెన్‌జియాంగ్ కింద ఉంటుంది. జనాభా 3 లక్షల పైచిలుకు. నది తెచ్చిపోసిన ఒండ్రుమట్టే ఈ నేల. కరకట్టలే దీనికి ప్రాణం. ఒడ్డున రెల్లు, విల్లో, వెదురు దట్టంగా పెరుగుతాయి.

1904లో ప్రత్యేక పరిపాలనా విభాగమైంది. 1914లో ప్రస్తుత పేరు వచ్చింది. యాంగ్జీ నడిమి ఊరని దాని భావం. 1994లో నగర హోదా దక్కింది. అదే ఏడాది దక్షిణపు ఒడ్డుకు వంతెన పూర్తయ్యేదాకా రాకపోకలకు పడవలే దిక్కు. లంకవాసుల జీవితాన్ని మార్చిన ఘట్టం ఆ వంతెనే అనాలి. విద్యుత్ పరికరాల తయారీ ఇక్కడి ప్రధాన పరిశ్రమ.

ఊరికి పేరు తెచ్చింది మాత్రం పఫర్ చేప. ముప్పు ఎదురైతే పొట్ట ఉబ్బించుకునే ఈ చేప కాలేయం, అండాశయాల్లో టెట్రోడోటాక్సిన్ అనే విషం ఉంటుంది. దానికి విరుగుడు లేదు. అందుకే శుభ్రం చేయడం ఆరితేరిన వంటవాళ్ల పని. వసంతకాలంలో దీని రుచి కోసమే దూరప్రాంతాల నుంచి జనం వస్తారు. 2013లో నది ఒడ్డున ఈ చేప ఆకారంలోనే బ్రహ్మాండమైన లోహపు గోపురం కట్టారు. యాంగ్జీలో 2021 నుంచి పదేళ్ల చేపల వేట నిషేధం అమల్లో ఉంది. ఇప్పుడు వండేవి చెరువుల్లో పెంచిన చేపలే.