కార్యాలయ యంత్రములు - దృశ్యకవిత : ఒక పాఠవిచారము

తాళపత్రప్రతులను సరిచూచి కావ్యములను పరిష్కరించు మనకు లేఖకదోషము తొలగింపదగిన వస్తువు. అక్షరము తారుమారైనను, పంక్తి జారినను, ఒకే పదము రెండుమారులు పడినను, దానిని దిద్ది కవి ఉద్దేశించిన పాఠమును నిర్ణయించుట పరిష్కర్త ధర్మము. ఇరువదవ శతాబ్దమున ఐరోపా, అమెరికా ఖండములలో వెలసిన ఒక కవితాశాఖ ఈ ధర్మమును తలక్రిందులు చేసినది. టైపురైటరు, కార్బను కాగితము, సైక్లోస్టైలు యంత్రము, ఫొటోకాపీ యంత్రము మొదలగు కార్యాలయ సాధనములతోను, ఇతరులు వ్రాసి విడిచిన పాఠములతోను నిర్మించిన దృశ్యకవిత యది. దాని చరిత్రను స్థూలముగ తెలిపి, మన బంధకవిత్వముతో దానిని పోల్చుట ఎంతవరకు సమంజసమో విచారించుట ఈ వ్యాసమున మా ఉద్దేశము.

ముందుగా యంత్రస్వభావము తెలియవలెను. 1874లో రెమింగ్టన్ సంస్థ విక్రయమునకు తెచ్చిన యంత్రముతో టైపురైటరు వ్యాప్తికి నాంది ఏర్పడినది. మీటను నొక్కినప్పుడెల్ల కాగితము ఒకే కొలతతో జరుగును. సన్నని అక్షరమునకైనను వెడల్పైన అక్షరమునకైనను లభించు చోటు సమానమే. కావున అక్షరములు చదరంగపు గళ్లలో వలె అడ్డముగను నిలువుగను వరుసదీరును. కాగితమును వెనుకకు త్రిప్పి, కొట్టినచోటనే మరల కొట్టవచ్చును. వాలుగ చొప్పించి కొట్టవచ్చును. గుమాస్తాకు ఇవి తప్పులు. 1898లోనే ఇంగ్లండున ఫ్లోరా స్టేసీ యను మహిళ ఈ యంత్రముతో సీతాకోకచిలుక బొమ్మను కూర్చెను. అయితే అది చిత్రమే గాని కవిత కాదు. 1950లో అమెరికను కవి చార్లెస్ ఓల్సన్, సంగీతకారునకు స్వరలేఖనరేఖ లెట్లో కవికి టైపురైటరు అట్టిదనియు, దాని సమమైన ఎడములచే ఊపిరిని, విరామమును గుర్తింపవచ్చుననియు ప్రతిపాదించెను. గుమాస్తా సాధనము కవిసాధనముగ గణన కెక్కుటకు ఈ వాదము తోడ్పడినది.

ఇతరుల పాఠమును గ్రహించు పద్ధతి వేరొక దారిని వచ్చినది. 1920లో ట్రిస్టన్ జారా, వార్తాపత్రిక నుండి పదములను కత్తిరించి సంచిలో వేసి, చేతికి వచ్చిన వరుసలో వ్రాసికొనుటయే కవితారచనమని పరిహాసముగ బోధించెను. 1959లో పారిసునందు బ్రియాన్ గైసిన్ అట్టను కోయుచుండగా, అడుగున పరచిన పత్రికలు తెగి, వాక్యములు క్రొత్తరీతిని కలసికొన్నవి. ఆ యాదృచ్ఛికమును ఆయనయు, విలియం బరోసును పద్ధతిగ స్వీకరించిరి.

ఇదే కాలమున మూర్తకవిత్వ మను ఉద్యమము బలపడినది. 1952లో బ్రెజిల్ దేశమున సావోపాలో నగరమునందు ఆగస్టో, హరోల్డో ద కాంపోస్ సోదరులును, డెసియో పిన్యతారియు కలసి నోయిగాండ్రెస్ వర్గమును స్థాపించిరి. 1953లో స్విట్జర్లండున యూజెన్ గోమ్రింగరు తన రచనలను నక్షత్రమండలము లను పేర ప్రకటించెను. వీరి మతమున పదము పుటపై నిలిచిన తావు అర్థమున భాగము. ఈ భావమును తీసికొని కార్యాలయ యంత్రముల స్వభావమును చివరంట పరీక్షించినవారిలో ఇంగ్లండున ఇరువురు ముఖ్యులు. డామ్ సిల్వెస్టర్ హూడార్ (1924-1992) బెనెడిక్టు మఠమునందలి సన్యాసి. ఒలివెట్టి టైపురైటరుపై విరామచిహ్నములను, గీతలను పొరలుపొరలుగ కొట్టి, కాగితముపై మెట్లు, తెరలు, ఆకాశమున తేలు పలకలు గోచరించునట్లు చేసెను. బాబ్ కాబింగ్ (1920-2002) సైక్లోస్టైలు యంత్రమునందును, పిమ్మట ఫొటోకాపీ యంత్రమునందును కాగితమును కదల్చి, సిరామరకలను, చెదరిన అక్షరములను రప్పించి, వానినే స్వరలిపిగ గ్రహించి సభలలో గానము చేసెను. మనము ముద్రారాక్షసమని నిందించునది వీరికి ముద్రాప్రసాద మైనది.

ఇది కేవలము వినోదమా యను ప్రశ్నకు తూర్పుజర్మనీ చరిత్ర ఒక సమాధాన మిచ్చుచున్నది. అచట ముద్రణకు ప్రభుత్వానుమతి కావలసియుండెను. రూత్ వోల్ఫ్-రేఫెల్ట్ (1932-2024) కార్యాలయపు పనిలో టైపురైటరుతో పరిచయము గడించిన స్త్రీ. 1970ల ఆరంభము నుండి ఎరికా యంత్రముపై అక్షరములతో అలలను, పంజరములను, పెట్టెలను నిర్మించి, కార్బను ప్రతులను తపాలా ద్వారమున దేశాంతరములందలి మిత్రులకు పంపెను. దేశము దాటుట దుర్లభమైనవారి కృతులు కవరులో దాటిపోయినవి. 1989లో బెర్లిన్ గోడ కూలిన పిమ్మట ఆమె ఈ రచనను విరమించెను. 2017లో డాక్యుమెంటా ప్రదర్శనమున ఆ కృతులు విశేషముగ లోకదృష్టిని ఆకర్షించినవి. ఇచట కార్బను ప్రతి మూలమునకు నీడ కాదు, అదియే ప్రచురణము.

ఇక మన బంధకవిత్వముతో పోలిక. పాశ్చాత్య దృశ్యకవితను గూర్చి వినినంతనే, ఇది నన్నెచోడుని కుమారసంభవమునందే కలదని మనలో పలువురు సంతృప్తి పడుట కలదు. మాకు ఈ సమీకరణము సమ్మతము కాదు. బంధమున పద్యము ఛందోబద్ధమై ముందే సంపూర్ణము. చక్రమునందో నాగమునందో అక్షరములను నిలిపినపుడు, దారులు కలియు తావున ఒకే అక్షరము రెండింటికి ఉపకరించుట అందలి నేర్పు. బొమ్మను గీయకయే పద్యమును చదువవచ్చును. ఏ లేఖకుడైనను నాగమును మరల గీయవచ్చును. తాటాకు నుండి అచ్చుకు మారినను బంధమునకు లోపము లేదు. హూడార్ పుటను మరియొకరు మరియొక యంత్రముపై కొట్టినచో అది మరియొక కృతి యగును. ఒకచోట కన్ను చెవికి సేవకుడు. మరియొకచోట కాగితమే కావ్యశరీరము.

పోలిక సార్థకమగు తావు వేరొకటి కలదు. అది విలువ నిర్ణయము. ఆనందవర్ధనుడు రసభావతాత్పర్యము లేని చిత్రమును కావ్యముగ నంగీకరింపక కావ్యానుకరణముగ భావించెను. మమ్మటుడు దానిని అవరకావ్యమనెను. ఈ గీటురాయిపై యంత్రకవితను గూడ పరీక్షింపవలసినదే. యంత్రము చేయు వింతను చూపి ఊరకున్న రచనలు ఈ శాఖయందు కొల్లలు, అవి చిత్రములే. టామ్ ఫిలిప్స్ (1937-2022) గ్రంథము అట్టిది కాదు. 1966లో ఆయన లండనున మూడు పెన్నీలకు మ్యాలక్ రచించిన 'ఎ హ్యూమన్ డాక్యుమెంట్' అను 1892 నాటి నవలను కొని, ప్రతి పుటను చిత్రలేఖనముతో కప్పి, కొన్ని పదములను మాత్రము వెలికి విడిచి, 'ఎ హ్యూముమెంట్' అను క్రొత్త కృతిని సృజించెను. అందలి నాయకుడు టోజ్. మూలనవలయందు 'కలసి' యను అర్థమిచ్చు 'టుగెదర్' వంటి పదము ఉన్నచోట మాత్రమే, దాని మధ్యనుండి అతని పేరు వెలువడును. కలయికను తెలుపు పదము విరిగిననే గాని ఆ ప్రేమికునకు ఉనికి లేదు. విప్రలంభమును ఇంతకంటె పొదుపుగ సాధించుట కష్టము. పరుల పాఠము, నియమనిర్బంధము రెండును ఉండియు, ఇందు రసము కలదు.

ఫిలిప్స్ సుమారు ఏబది సంవత్సరములు అదే నవలపై పనిచేసి, పుటలను మరల మరల క్రొత్తగ రచించి, 2016లో తుది కూర్పును వెలువరించెను. ఇట్టి గ్రంథమునకు శుద్ధపాఠ మేది? దిద్దుట కలవాటుపడిన మన శాస్త్రము ఇచట చేయి నిలుపవలసియున్నది. ఈ కృతులను అక్షరములుగ మరల కూర్చిన వానిలోని కవిత నశించును. పుటకు ఛాయాచిత్రమును తీయుటతోపాటు యంత్రము, రిబ్బను, కాగితము, కార్బను ప్రతుల వరుస మొదలగునవి నమోదు చేయుట పరిశోధకుని విధి. మసకబారిన ప్రతిని, అసలు దొరకినదని పారవేయుటకు ముందు, ఆ మసకలో కవి చేయి కలదేమో చూడవలెను. లేఖకదోషమును గుర్తించు కన్ను మనకు చిరకాలముగ కలదు. ఆ కంటికే, దోషమెప్పుడు పాఠమగునో గుర్తించు శిక్షణము గూడ కావలసియున్నదని మా విన్నపము.