సొరలు, టేకులు: అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణము

సొరలును టేకులును మృదులాస్థి మత్స్యములు. కానాగంతలవలె ఏటేట లక్షల గుడ్లు పెట్టు జాతులు కావివి. పెక్కు జాతులు చిరకాలమునకు గాని యీడునకు రాక, వచ్చిన పిమ్మటను కొలది పిల్లలనే కనుచుండుటచే, ఒకమారు క్షీణించిన సంతతి మరల పుంజుకొనుటకు దశాబ్దములు పట్టును.

వీనికి చేటు తెచ్చినది ముఖ్యముగా రెక్కల గిరాకి. ఎండబెట్టిన రెక్కలు హాంకాంగ్ అంగళ్లలో విందు సూపుల కొరకు మిక్కిలి ప్రియముగా అమ్ముడుపోవుచుండగా, మాంసమునకు అంత ధర లేనందున, పలు సముద్రములలో రెక్కలు మాత్రము కోసికొని మొండెమును నీటిలోనికే త్రోసివేయు దుష్కృత్యము ప్రబలెను. ఆంధ్రతీరమున మాత్రము సొర యన్న కూరయే. ఇసుకకాగితమువంటి చర్మమును వేడినీట నుడికించి ఒలిచి, కండను పొడిపొడిగా చిదిమి, నీరు పిండి, పసుపు, అల్లము, ఉల్లి చేర్చి వేయించిన సొరపుట్టు అచ్చటి యింటింటి వంటకము. పాలసొరను బాలింతలకు పెట్టుట ఆచారము. 

1973లో వాషింగ్టను నగరమున కుదిరి, 1975లో అమలునకు వచ్చిన, వన్యజీవుల అంతర్జాతీయ వాణిజ్యమును నియంత్రించు సైటీస్ ఒడంబడికలో భారతదేశము 1976లో చేరెను. దాని ప్రథమానుబంధమున చేరిన వన్యజీవులతో విదేశీ వ్యాపారము నిషిద్ధము. ద్వితీయానుబంధములోని వానిని ఎగుమతి చేయవలెనన్న, అందువలన జాతి మనుగడకు హాని లేదని ఎగుమతి చేయు దేశపు శాస్త్రాధికార సంస్థ తేల్చి చెప్పవలెను. తిమింగల సొర 2002లోను, సుత్తితల సొరలలో మూడు జాతులును మాంటా టేకులును 2013లోను ద్వితీయానుబంధమునకు ఎక్కెను. ఎండిన రెక్కను చూచి యేజాతిదో నిర్ణయించుట కస్టమ్స్ అధికారికి దుష్కరము గావున, 2022లో పనామాలో జరిగిన ఒడంబడిక సభ్యదేశముల సమావేశము వ్యాపారమున విరివిగా కానవచ్చు సొరల కుటుంబము నొకదానిని జాతిభేదము పాటింపక మొత్తముగా ద్వితీయానుబంధమున చేర్చినది. ఇది వివేకవంతమైన నిర్ణయము. 2025లో సమర్‌కండ్ సమావేశము తిమింగల సొరను, మాంటా టేకులను ప్రథమానుబంధమునకు మార్చెను.

మన దేశమున తిమింగల సొరకు 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టపు ప్రథమ షెడ్యూలున చోటు లభించెను. 2015లో సొర రెక్కల ఎగుమతి నిషేధింపబడెను. 2022 నాటి సవరణ సైటీస్ నిబంధనలను చట్టమున చేర్చినది. అయినను వీనిలో పెక్కు ఎగుమతి రేవులయొద్ద చెల్లు కట్టుబాట్లే; ఇవేవియు రొయ్యల కొరకు దించిన ట్రాలు వలలో సొర పడకుండ ఆపజాలవు. 2021 డిసెంబరులో విశాఖపట్టణ సమీపమున తంతడి తీరమున వలకు చిక్కిన తిమింగల సొరను అటవీ సిబ్బందియు మత్స్యకారులును కలిసి సజీవముగా సముద్రమునకు మరలించిరి. అట్టి వేళ వల కోయవలసివచ్చిన, ఆ నష్టము బెస్తవాని నెత్తిన పడుట న్యాయము కాదు. గుజరాత్ అటవీశాఖ తెగిన వలకు పరిహారమిచ్చు పద్ధతిని అమలుపరచుచున్నది.