అనధ్యాయమున విద్య : బాలబాలికల వేసవి శిబిరముల పూర్వవృత్తాంతము

చదువునకు విరామ మెప్పుడు, ఆ విరామమున బాలు డేమి చేయవలెను అను ప్రశ్న నూతనమైనది కాదు. నేడు వేసవి రాగానే పట్టణములందు బాలశిబిరముల ప్రకటనలు గోడల నిండ కానవచ్చుచున్నవి. ఉదయము పిల్లలను పంపి సాయంకాలమునకు ఇంటికి తెచ్చుకొను ఈ శిబిరములందు చిత్రలేఖనము, సంగీతము, చదరంగము, కథాకథనము మున్నగునవి నేర్పుదురు. మన సంఘమువారును ఏటేట ఇట్టి శిబిరమును నడపవలెనని తలచుచున్న యీ సమయమున, దాని పూర్వవృత్తాంతమును సంగ్రహముగ విన్నవించుట యుచితమని తోచినది. శిబిరమున నేమి నేర్పవలెనో చెప్పగలవారు మనలో పెక్కురు కలరు. అందెవరి పేరు వ్రాసికొనవలెను అను విషయమున మాత్రము చరిత్ర మనకు బోధింపదగిన పాఠ మొకటి కలదు. దానినే మే మిచట ప్రస్తావింతుము.

మన పూర్వుల విద్యాక్రమమున సెలవునకు అనధ్యాయ మని పేరు. అమావాస్య, పూర్ణిమ, అష్టమి, చతుర్దశి తిథులు అనధ్యాయము లని పెద్దలవలన వినుచునే యున్నాము. కాని సంవత్సరమున దీర్ఘమైన విరామ మొకటి యుండెనని నేడు పలువు రెరుగరు. మనుస్మృతి నాలుగవ అధ్యాయము ననుసరించి, శ్రావణ పూర్ణిమనాడు గాని భాద్రపద పూర్ణిమనాడు గాని ఉపాకర్మ మొనర్చి నాలుగున్నర మాసములు వేదమును శ్రద్ధతో నధ్యయనము చేయవలెను. పిదప పుష్యమున గాని మాఘ శుద్ధ పాడ్యమినాడు గాని గ్రామము వెలుపల ఉత్సర్జనము జరుపవలెను. అంతటితో చదువు నిలిచిపోదు. అటుపిమ్మట శుక్లపక్షములందు వేదమును, కృష్ణపక్షములందు వేదాంగములను పఠింపవలెనని విధి. శిక్ష, వ్యాకరణము, ఛందస్సు, నిరుక్తము, జ్యోతిషము, కల్పము అను నీ యారును ప్రధానవిద్యకు తోడైన విద్యలు. ముఖ్యపాఠము వెనుకకు తగ్గిన కాలమున దానికి బలము నిచ్చు ఇతర విద్యలను నేర్పుట యను యోచన మన దేశమున ఎంత ప్రాచీనమో దీనివలన తెలియగలదు.

అయితే ఆ మరుసటి శ్లోకమే శూద్రజనుల సన్నిధిని వేదపఠనము కూడదని శాసించుచున్నది. స్త్రీలకు వివాహమే ఉపనయనస్థానీయమని అదే గ్రంథము వేరొకచోట చెప్పుచున్నది. ఏర్పాటు చక్కనిది, ద్వారము మాత్ర మిరుకైనది. సంస్కృతవిద్య నాశ్రయించి జీవితము గడపిన మేమే ఈ మాట చెప్పవలసి యున్నది. పూర్వుల గొప్పను మాత్రమే చెప్పి, వారు మూసిన తలుపును దాచినచో అది స్తోత్ర మగును గాని చరిత్ర కాదు.

ఇక వీధిబడుల కాలమునకు వత్తము. 1823 ఆగస్టు 17వ తేదీన బళ్లారి కలెక్టరు కాంబెల్ దొర మద్రాసు ప్రభుత్వమునకు పంపిన నివేదిక తెలుగు దేశ విద్యాచరిత్రకు ముఖ్యాధారము. నేటి అనంతపురము ప్రాంతము అప్పటికి బళ్లారి జిల్లాలోనిదే. 1882లో గాని అది వేరుపడలేదు. ఆ నివేదికలో బాలుని బడిలో చేర్చు విధము వర్ణింపబడినది. అయిదవయేట తల్లిదండ్రులు పంతులుగారిని, బడిపిల్లలను తమ యింటికి పిలుతురు. విఘ్నేశ్వరుని ప్రతిమ చుట్టును అందరు కూర్చుందురు. పంతులుగారు క్రొత్త పిల్లవానిచేత ప్రార్థన పలికించి, బియ్యములో వాని వ్రేలితో దేవతానామమును వ్రాయింతురు. తల్లిదండ్రులు శక్తికొలది కానుక లిత్తురు. బడిలో పేరు వ్రాయించుట మన పెద్దలకు కేవలము పట్టికలో నెక్కించుట కాదు, ఊరి పిల్లలందరు చూచుచుండగా జరిగిన శుభకార్యము.

కాని ఆ శుభకార్యము ఎన్ని యిండ్ల జరిగెను? అదే నివేదికలోని లెక్కలు చూడుడు. జిల్లా జనసంఖ్య 9,27,857. బడులు 533. విద్యార్థులు 6,641 మంది. అనగా వేయిమందికి ఇంచుమించు ఏడుగురు. అందు బాలికలు అరువదిమంది మాత్రమే! మధ్యతరగతివారికిని బీదలకును పిల్లల చదువునకగు వ్యయము భరింపరాకున్నదనియు, లేతచేతులు ఏకొంచెము పనికి వచ్చినను వారిని పనిలో పెట్టుకొనుచున్నారనియు ఆ దొర కారణము చూపెను. తలుపు మూయుటకు శాస్త్రమే యక్కరలేదు, దారిద్ర్యమును చాలును.

వేసవి సెలవులలో బాలురకు ప్రత్యేకముగ బడి నడపు పద్ధతి అమెరికాలో ప్రబలినది. బోస్టను నగరమున 1866లో ఒక ప్రార్థనాలయమువారు అట్టి పాఠశాల నారంభించిరి. న్యూయార్కులో 1894లో బీదల స్థితిని బాగుచేయుటకై యేర్పడిన సంఘ మొకటి వానిని తెరచెను. తరువాత నగర విద్యామండలియే ఆ భారమును వహించెను. ఇరుకు వాడలలో గాలియు ఆటస్థలమును లేక వీధుల వెంట తిరుగు కూలివారి పిల్లలు, వలస వచ్చినవారి పిల్లలు, వీరికొరకే యా బడులు పుట్టినవి. వానిలో పుస్తకముల బరువు లేదు. వడ్రంగము, కుట్టుపని, పాటలు, ప్రకృతి పరిశీలనము, విహారయాత్రలు నేర్పిరి. నేడు కలిగినవారి పిల్లలకు అలంకారముగ భావింపబడుచున్న యీ శిబిరము, ఆదిలో ఏమియు లేనివారికొరకు పుట్టినదను విషయము మరువరాదు.

మన తెలుగువారిలో బాలుర విరామకాలమును వికాసకాలముగ మార్చిన కీర్తి న్యాయపతి రాఘవరావుగారికిని, వారి సతీమణి కామేశ్వరమ్మగారికిని చెల్లును. రేడియో అన్నయ్య, అక్కయ్య యని పిల్లలచే పిలువబడిన యీ దంపతులు 1940లో మద్రాసున ఆంధ్ర బాలానంద సంఘమును స్థాపించిరి. 1945లో ‘బాల’ యను మాసపత్రికను వెలువరించిరి. ఆటయు పాటయు నాటకమును వారికి బోధనసాధనములు. రేడియో వినగల పిల్లవాడెవ్వడైనను వారికి తమ్ముడే, పిల్ల యెవ్వతెయైనను చెల్లెలే. గొంతునకు కులగోత్రము లడుగు పద్ధతి ఆ సభలో లేకుండెను.

మరి కులసంఘముల సంగతి యేమి? అవి విద్యకు చేసిన మేలు తక్కువది కాదు. పల్లెలలో ఉన్నతపాఠశాలలు లేని దినములలో, నగరమునకు చదువ వచ్చిన బాలునికి తల దాచుకొన చోటును పట్టెడన్నమును చూపినవి కులవసతిగృహములే. హైదరాబాదున 1918లో రాజబహద్దరు వేంకటరామారెడ్డిగారి కృషివలన వెలసిన రెడ్డి హాస్టలు అందు ప్రసిద్ధము. ఆ నగరముననే భాగ్యరెడ్డివర్మగారు అంతకు పూర్వమునుండియు, ఏ బడిలోను చోటులేని ఆదిహిందూ బాలురకై పాఠశాలలు నెలకొల్పిరి. ఈ సంస్థ లన్నిటి పుట్టుకకు కారణ మొక్కటే. మూయబడిన తలుపు చెంత నిలిచినవారు తమ పిల్లలకై వేరొక తలుపు తెరచిరి. అట్లు పుట్టిన సంస్థ తానే మరల తలుపు మూయుట తన జన్మకారణమును మరచుట కాదా?

“సంఘధనము సంఘబాలురకే చెందవలెను” అని కొందరు పెద్ద లనుచున్నారు. వారి మాటలో న్యాయము లేకపోలేదు. చందా లిచ్చినవారికి అడుగు హక్కు కలదు. కాని వేసవి సంగతి వేరు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు గల బాలబాలికలకు ఉచితవిద్యను విధించినది. 2001లో సర్వోన్నత న్యాయస్థానము ప్రభుత్వ పాఠశాలలందు వండిన మధ్యాహ్నభోజనము పెట్టవలెనని ఆజ్ఞాపించినది. ఈ రెంటి రక్షణయు బడి తెరచియున్న దినములలోనిది. కరవు ప్రాంతములందు వేసవిలోను భోజనము పెట్టవలెనని 2004లో ఆ న్యాయస్థానమే చెప్పవలసి వచ్చినది గదా! బడి తలుపు మూతపడగానే బీదబాలునికి చదువుతోబాటు పగటియన్నమును పోవును. మన పిల్లలు చిత్రలేఖనము నేర్చుకొను గది బయట, మన యింట అంట్లు తోము తల్లితో వచ్చిన పిల్ల మెట్లపై కూర్చుండి లోపలికి చూచుచుండును. ఆ పిల్లను లోనికి పిలుచుటకు చట్టమేదియు మనలను నిర్బంధింపదు. అందుచేతనే ఆ పని మన మర్యాదకు సంబంధించినది.

కావున మహాసభవారికి మా విన్నప మిది. శిబిరమున చేర్చుకొను పట్టికలో కుల మడుగు గడి యుండకూడదు. ప్రతి యింటినుండియు కొడుకుతో సమముగ కూతురు పేరును వ్రాయింపవలెను. రుసుము చెల్లింపగలవారు చెల్లింతురు గాక, చెల్లింపలేనివారి పేరు చెల్లించినవారి పేరు ప్రక్కనే, భేదము తెలియకుండ వ్రాయబడవలెను. ప్రతి నలుగురిలో ఒకరికైనను రుసుము లేని చోటుండవలెను. మధ్యాహ్నభోజనము అందరికి ఒకే పంక్తిని వడ్డింపవలెను. ఎండ ముదురు వేళ పిల్లలను బయట ఆడింపక, ఆటలు ఉదయముననే ముగించి, పగలు నీడపట్టున కథలును చేతిపనులును సాగింపవలెను. సెలవులలో ఖాళీగా నుండు మన వసతిగృహమును సమావేశమందిరమును ఇందులకు చాలును.

ఇందుకగు ధనము స్వల్పము. వలసినది విశాలమైన మనస్సు. మొదటి దినమున ప్రతి బిడ్డకును, మన యింటిబిడ్డయైనను పరుల బిడ్డయైనను, పూర్వపు వీధిబడిలో వలె పళ్లెమున బియ్యము పోసి దానిలో తన పేరు తన వ్రేలితో వ్రాయింపుడు. ఆ బియ్యమునే మధ్యాహ్నమునకు వండి యందరికి పెట్టుడు. మన సంఘము చిరకాలము వర్ధిల్లుటకు ఇంతకు మించిన యాశీర్వచనము వేరొండు లేదు.