జహీరాబాదు రైలుమార్గము: ఒక దారి, మూడు రాష్ట్రములు

రైలుమార్గముల చరిత్రను వ్రాయువారు సాధారణముగా ప్రధానమార్గములనే పరిశీలింతురు. శాఖామార్గములు పట్టికలలో నొక వరుసగా మిగిలిపోవును. అయినను ప్రభుత్వ ప్రణాళికల స్వభావము శాఖామార్గములందే ఎక్కువ తేటపడునని మా అభిప్రాయము. వికారాబాదునుండి జహీరాబాదు, బీదరుల మీదుగా పర్లి వైద్యనాథమునకు పోవు మార్గము ఇందులకు నిదర్శనము. విద్యుదీకరణము, నూతనమార్గ నిర్మాణము అను రెండు కార్యములును ప్రణాళికలలో జంటగా పేర్కొనబడుచున్నను వాని నడక ఒకటి కాదు. ఆ భేదమునకు కారణములను ఈ మార్గము పుట్టుకయందును, 1956 నాటి సరిహద్దులయందును వెదకుటయే ఈ వ్యాసోద్దేశము.

నిజాం రాజ్యమున తొలి రైలుమార్గము 1874లో వాడి, సికిందరాబాదుల నడుమ తెరవబడినది. ఇది వికారాబాదు మీదుగా పోవును. 1883 నాటి ఒడంబడికచే ఈ మార్గము లండనులో ఏర్పడిన కంపెనీ చేతికి పోయెను. కంపెనీ పెట్టుబడిపై 20 సంవత్సరములపాటు నూటికి 5 వంతున వడ్డీకి నిజాం ప్రభుత్వము పూచీపడెను. ఆ సంవత్సరముననే చందా రైలు పథకపు షరతులను ప్రజలకు వెల్లడింపవలెనని హైదరాబాదులో ఆందోళనము చెలరేగెను. అందు పాల్గొన్న అఘోరనాథ చట్టోపాధ్యాయుడు రాజ్యమునుండి బహిష్కృతుడయ్యెను. రైలుమార్గము ఎవరికొరకు, ఎవరి ధనముతో అను ప్రశ్న ఈ ప్రాంతమున అంత పాతది.

1930 ఏప్రిలు 1న ప్రభుత్వము కంపెనీనుండి రైల్వేను కొనివేసెను. బీదరు శాఖ ఏర్పడినది ఇంచుమించుగా ఆ కాలముననే. దాని ఆకృతి గమనింపదగినది. హైదరాబాదునుండి జహీరాబాదునకు రాజమార్గము సంగారెడ్డి మీదుగా వాయవ్యమునకు సాగును. రైలు మాత్రము మొదట పడమరగా వికారాబాదు చేరి, అచ్చటనుండి ఉత్తరముగా మరలి జహీరాబాదునకు వచ్చును. అప్పటికే ఉన్న మార్గమునుండి కొమ్మను చీల్చుట క్రొత్తదారి వేయుటకంటె చౌక. ఆ పొదుపు ఫలితముగా సంగారెడ్డి పట్టణమునకు నేటికిని రైలు లేదు. 1932లో రైల్వేశాఖయే 27 బస్సులతో రోడ్డు రవాణాను ఆరంభించెను. రైలు చేరని యూళ్లకు బస్సు చేరగలదు కాన, రెండును ఒకే యాజమాన్యమున ఉన్నంతకాలము ఈ వంకరదారి లోపము కొంత కప్పబడెనని మే మూహింతుము. 1950లో రైల్వే కేంద్రప్రభుత్వ పరమయ్యెను. 1951లో బస్సులు హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వమునకు దక్కెను. ఆ జంట అంతటితో విడిపోయినది.

అంతకంటె పెద్దమార్పు 1956 నవంబరు 1న వచ్చినది. అదివరకు జహీరాబాదు తాలూకా బీదరు జిల్లాలోనిది. భాషాప్రాతిపదికపై రాష్ట్రములు పునర్వ్యవస్థీకరింపబడినపుడు నిర్ణా సర్కిలు తప్ప మిగిలిన జహీరాబాదు తాలూకాయు, బీదరు తాలూకాలోని న్యాల్కల్ సర్కిలును, నారాయణఖేడు తాలూకాయు ఆంధ్రప్రదేశమున చేరినవి. బీదరు మైసూరునకును, ఉద్గీరు బొంబాయి రాష్ట్రమునకును పోయినవి. ఒక రాజ్యము తన లోపలి ప్రయాణమునకై వేసికొన్న దారి ఒక్కనాటితో మూడు రాష్ట్రముల దారియైనది. నేడవి తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్రములు.

ఇక విద్యుదీకరణము. భారతదేశమున తొలి విద్యుత్తు రైలు 1925 ఫిబ్రవరి 3న బొంబాయిలో నడచినది. తరువాత అనేక దశాబ్దములు రద్దీగల మార్గములకే ఈ సౌకర్యము ముందుగా లభించెను. 2018 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గము మిగిలిన బ్రాడ్‌గేజి మార్గములను విద్యుదీకరించుటకు 108 సెక్షన్లలో 13,675 కిలోమీటర్ల పనిని ఆమోదించినది. రద్దీనిబట్టి ఎంచుకొను పద్ధతి పోయి, అన్ని మార్గములకును ఒకే న్యాయము వచ్చినది. స్తంభములు నాటుటకు రైల్వేస్థలము సాధారణముగా చాలును. రాష్ట్రముల వాటాకై వేచియుండ నక్కరలేదు. కావుననే ఈ పని సరిహద్దులను లెక్కింపదు.

నూతనమార్గముల సంగతి వేరు. వానికి భూమి కావలెను. పలుచోట్ల రాష్ట్రము వ్యయమున పాలుపంచుకొనవలెను. పూర్వపు మెదకు జిల్లాలోనే ఇందుకు నిదర్శనములు గలవు. అక్కన్నపేట–మెదకు మార్గము కేవలము 17 కిలోమీటర్లు. రాష్ట్రము సగము వ్యయము భరించుటకు సమ్మతింపగా 2012–13లో మంజూరై 2022లో తెరవబడినది. 2006–07లో మంజూరైన మనోహరాబాదు–కొత్తపల్లి మార్గమున సిద్దిపేటకు రైలు వచ్చినది 2023లో. సరిహద్దుకు ఆవల బీదరు–కలబురిగి మార్గము 2017లో పూర్తియైనది; అదియు కర్ణాటక వాటాతోనే. ఈ మార్గము లన్నియు ఒక్కొక్క రాష్ట్రము లోపలనే ఉన్నవని గమనింపవలెను. వెచ్చించిన ధనమునకు ఫలము తన ప్రజలకే దక్కునన్న నమ్మకము ప్రభుత్వమునకు గలిగిన చోటనే దారి పడినదని మా యూహ. సరిహద్దు పట్టణమునకు ఆ నమ్మకము కలిగించుట కష్టము.

ఈ చర్చ గతమునకు మాత్రమే సంబంధించినది కాదు. 2024 ఆగస్టులో కేంద్రము ఆమోదించిన 12 పారిశ్రామిక నగరములలో జహీరాబాదు ఒకటి. దానికి నిర్ణయించిన భూములు న్యాల్కల్, ఝరాసంగం మండలములలోనివి. 1956లో బీదరునుండి విడివడిన న్యాల్కల్ ప్రాంతమే నేడు పొలముల నిచ్చి పరిశ్రమలకై ఎదురుచూచుచున్నది. అచ్చటి సరకు హైదరాబాదునకు రైలుమీద పోవలెనన్న నేటికిని వికారాబాదు చుట్టిరావలసినదే. విద్యుత్తు బండిని లాగు శక్తిని మార్చునుగాని, దారి వంకరను తీర్చదు. పాతదారికి తీగెలు కట్టుటయు, క్రొత్తదారి వేయుటయు ఒకే అభివృద్ధిగా లెక్కించు ప్రణాళికలను చదువునపుడు పరిశోధకులు ఈ భేదమును మరువరాదు. 1883లో హైదరాబాదు పౌరులడిగిన ప్రశ్నను న్యాల్కల్ రైతు నేడడిగినను అది న్యాయమైన ప్రశ్నయే యగును.